మండపంలోని లైటింగ్ నెట్‌వర్క్ పరికరాలను సాఫ్ట్‌వేర్‌తో గుర్తించి నమోదు చేసుకోవడం ఎలా?

తిరుపతి, చిత్తూరు, శ్రీకాళహస్తి ప్రాంతాల్లో కల్యాణ మండపాలూ ఆడిటోరియాలూ నడిపేవారు, వాటిలో లైటింగ్ చూసుకునేవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: "హాల్లో నలభై లైట్లున్నాయి, సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఇరవై ఆరే కనిపిస్తున్నాయి. మిగతావి ఏమయ్యాయి?" అది తీరగానే రెండోది వస్తుంది: "కనిపించినవాటిలో ఏది ఎక్కడ వేలాడుతోందో తెలిసేదెలా?" ఈ రెండు ప్రశ్నలకూ విడివిడిగా ఫోన్లో చెప్పీ చెప్పీ, చివరకు మొత్తం పనిని వరుసగా రాసి పెట్టడమే మంచిదనిపించింది.

మొదటే ఒక మాట చెప్పాలి. సాఫ్ట్‌వేర్ తెర మీద వచ్చే జాబితాను చాలామంది అలాగే అచ్చు తీసి, నమోదు పూర్తయిందనుకుంటారు. ఆ క్షణంలో ఏ పరికరాలు బదులు పలికాయో మాత్రమే ఆ జాబితా చెబుతుంది. తెర మీది ప్రతి వరుసకూ ట్రస్ (లైట్లు వేలాడదీసే లోహపు చట్రం) మీద ఉన్న ఒక్కొక్క లైటును కళ్లతో చూసి జత చేసిన తరువాతనే అది మీ హాలు రికార్డు అవుతుంది. కింద చెప్పిన పనిలో సగానికి పైగా ఈ జత చేయడమే.

ఈ పనికి ఆషాఢమాసం అన్నిటికంటే అనువైనది. ముహూర్తాలుండవు, హాలు ఖాళీగా ఉంటుంది, నిచ్చెన వేసుకుని రెండు రోజులు నిదానంగా పని చేసుకోవచ్చు. శ్రావణం వచ్చాక మొదలుపెడితే రిసెప్షన్‌కూ పెళ్లికీ మధ్య దొరికే మూడు గంటల్లో హడావిడిగా రాయవలసి వస్తుంది, ఆ రాతలో తప్పులు దొర్లుతాయి. మన ప్రాంతానికి వానలు ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వస్తాయి గనుక, ఆ చెమ్మకు కనెక్టర్లు తుప్పు పట్టకముందే మంచి స్థితిలో ఉన్న వ్యవస్థను ఒకసారి నమోదు చేసి ఉంచితే, తరువాత ఏది పాడైందో పోల్చి చూసుకోవచ్చు.

తెలిసి ఉండవలసినది ఇంతే

లైట్లను నడిపే కన్సోల్ నుంచి ఆదేశాలు నెట్‌వర్క్ కేబుల్ మీద ఆర్ట్-నెట్ రూపంలోనో ఎస్ఏసీఎన్ రూపంలోనో (రెండూ లైటింగ్ ఆదేశాలను నెట్‌వర్క్ మీద పంపే పద్ధతులు) బయలుదేరి నోడ్‌కు చేరుతాయి. నోడ్ వాటిని డీఎంఎక్స్‌గా మార్చి లైట్లకు పంపుతుంది. డీఎంఎక్స్512 అనే పద్ధతి 1986లో వచ్చింది. అందులో సమాచారం ఒకే దిశలో, అంటే లైటు వైపుకే వెళ్తుంది. లైటు తిరిగి బదులు చెప్పడానికి అవే తీగల మీద పని చేసే ఆర్‌డీఎం అనే పద్ధతి 2006లో ప్రమాణంగా వెలువడింది. ఆర్‌డీఎం ఉన్న ప్రతి పరికరానికీ తయారీదారు ఇచ్చిన, మరే పరికరానికీ ఉండకూడని ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. దాన్ని యూఐడీ అంటారు. అందులో మొదటి నాలుగు అంకెలు తయారీదారును, తరువాతి ఎనిమిది అంకెలు ఆ ఒక్క పరికరాన్ని తెలుపుతాయి. నోడ్‌లను కనిపెట్టడం ఒక పని, వాటి వెనుక ఉన్న లైట్లను కనిపెట్టడం మరో పని అని గుర్తుంచుకుంటే, ఇరవై ఆరే కనిపించినప్పుడు ఎక్కడ వెతకాలో మీకే తెలుస్తుంది.

కావలసినవి

- నెట్‌వర్క్ కేబుల్ పెట్టుకునే పోర్టు ఉన్న ల్యాప్‌టాప్; దాని అడ్మిన్ పాస్‌వర్డ్. పోర్టు లేకపోతే యూఎస్‌బీ అడాప్టర్ సరిపోతుంది. వైఫైతో ఈ పని మొదలుపెట్టకండి.
- మీ నోడ్ తయారీదారు ఇచ్చే కాన్ఫిగరేషన్ సాఫ్ట్‌వేర్. ఈటీసీ గేట్‌వేలకు (ఆ కంపెనీ నోడ్‌లకు) కాన్సర్ట్, పాత్‌వే పరికరాలకు పాత్‌స్కేప్ ఉన్నాయి. ఆర్ట్-నెట్ నోడ్‌లు ఏ కంపెనీవైనా ఉంటే, ఆర్ట్-నెట్‌ను రూపొందించిన ఆర్టిస్టిక్ లైసెన్స్ వారి డీఎంఎక్స్-వర్క్‌షాప్ విండోస్ మీద పని చేస్తుంది.
- నోడ్‌లకు ఆర్‌డీఎం లేకపోతే, ఆర్‌డీఎం చేయగల యూఎస్‌బీ-డీఎంఎక్స్ పెట్టె ఒకటి.
- బాగున్నాయని ముందే తెలిసిన రెండు క్యాట్‌6 కేబుళ్లు, ఒక చిన్న స్విచ్.
- డీఎంఎక్స్ లైను చివర పెట్టే 120 ఓమ్‌ల టెర్మినేటర్లు, లైనుకు ఒకటి చొప్పున, ఒక మల్టీమీటర్.
- హాలు నక్షా. లేకపోతే తెల్లకాగితం మీద మీరే గీసుకోండి, కొలతలు అవసరం లేదు.
- లేబుల్ టేపు, చెరగని మార్కరు, నిచ్చెన, మీతోపాటు ఇంకొక మనిషి. ఈ చివరిది తప్పనిసరి. ఒక్కరే చేస్తే పైకీ కిందికీ తిరగలేక, చూడకుండానే ఊహించి రాసుకునే అలవాటు వస్తుంది.

1. ల్యాప్‌టాప్ తెరవకముందు లెక్కపెట్టండి

హాలంతా నడిచి, నోడ్‌లు, స్విచ్‌లు, స్ప్లిటర్లు (ఒక డీఎంఎక్స్ లైనును శాఖలుగా విడగొట్టే పెట్టెలు), డిమ్మర్లు, పార్ లైట్లు, మూవింగ్ హెడ్‌లు (తల తిరిగే లైట్లు) అన్నీ కళ్లతో చూసి నక్షాలో చుక్కలు పెట్టి, ఒక్కొక్క చుక్కకు సంఖ్య ఇవ్వండి. సంఖ్యలు స్థానానికి ఇవ్వాలి, లైటుకు కాదు. "వేదిక ముందు ట్రస్, ఎడమ నుంచి మూడోది" అనే స్థానం ఎప్పటికీ మారదు. అక్కడ వేలాడే లైటు రేపు మారవచ్చు. ఎడమ అంటే ప్రేక్షకుల ఎడమా, వేదిక మీద నిలబడినవారి ఎడమా అన్నది కూడా నక్షా పైభాగంలో రాసి పెట్టండి. ఈ ఒక్క మాట రాయకపోవడం వల్ల వరుస మొత్తం తిరగబడిన జాబితాలు నేను చాలా చూశాను.

చివరకు వచ్చిన మొత్తాన్ని పెద్ద అక్షరాలతో రాసుకోండి. ఇకపై సాఫ్ట్‌వేర్ చూపే ప్రతి అంకెనూ దీనితోనే పోల్చాలి. ఈ అంకె లేకుండా స్కాన్ చేసేవారికి, తెర మీద 26 వచ్చినప్పుడు అది తక్కువని కూడా తెలియదు.

2. నెట్‌వర్క్‌ను వేరు చేసి, ల్యాప్‌టాప్‌ను సిద్ధం చేయండి

లైటింగ్ స్విచ్ నుంచి ఇంటర్నెట్ రౌటర్‌కూ సీసీ కెమెరాల రికార్డర్‌కూ వెళ్లే కేబుళ్లను తీసివేయండి. ఆర్ట్-నెట్ పరికరాలు సాధారణంగా 2తో గానీ 10తో గానీ మొదలయ్యే ఐపీ అడ్రస్‌లను 255.0.0.0 మాస్క్‌తో వాడతాయి. కొన్ని హాళ్లలో ఇన్‌స్టాల్ చేసినవారు 192.168తో మొదలయ్యేవి పెట్టి ఉంటారు. మీ నోడ్ మీద చిన్న తెర ఉంటే దాని మెనూలో అడ్రస్ చూసి, ల్యాప్‌టాప్‌కు అదే వరుసలో, మరెవరూ వాడని స్థిరమైన అడ్రస్ ఇవ్వండి. ఉదాహరణకు నోడ్‌లు 10.0.2.1 నుంచి ఉంటే ల్యాప్‌టాప్‌కు 10.0.9.9 ఇచ్చి, మాస్క్ 255.0.0.0 పెట్టవచ్చు.

తరువాత వైఫై ఆపివేయండి, వీపీఎన్ ఉంటే మూసివేయండి. విండోస్ ఫైర్‌వాల్ ఆ సాఫ్ట్‌వేర్‌ను అనుమతించాలా అని అడిగితే ప్రైవేట్, పబ్లిక్ రెండింటికీ అనుమతి ఇవ్వండి. అడిగినప్పుడు తొందరలో రద్దు నొక్కినవారు ఫైర్‌వాల్ సెట్టింగుల్లోకి వెళ్లి సరిదిద్దుకోవాలి. ఆర్ట్-నెట్ యూడీపీ 6454 పోర్టునూ, ఎస్ఏసీఎన్ యూడీపీ 5568 పోర్టునూ వాడతాయి. హాలు యాజమాన్యం ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో యాంటీవైరస్ వీటిని అడ్డుకుంటూ ఉంటే ఈ రెండు అంకెలు చెప్పి అనుమతి అడగండి.

హెచ్చరిక: ఈ దశలో నోడ్‌లలో ఏ సెట్టింగూ మార్చకండి, కొత్త ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) ఉందని సాఫ్ట్‌వేర్ చెప్పినా ఎక్కించకండి. ఉన్నది ఉన్నట్టు నమోదు చేయడం మొదటి పని. ఇప్పుడున్న కాన్ఫిగరేషన్‌ను ఫైలుగా దాచుకునే వీలు సాఫ్ట్‌వేర్‌లో ఉంటే, పరికరాలు కనిపించగానే అది చేసి, ఫైలు పేరులో తేదీ పెట్టండి.

3. నోడ్‌లను కనిపెట్టండి

సాఫ్ట్‌వేర్ తెరిచి, ముందుగా అది ఏ నెట్‌వర్క్ అడాప్టర్‌ను వాడుతోందో చూడండి. వైఫై అడాప్టర్ ఎంపికై ఉండటమే "ఒక్కటీ కనిపించడం లేదు" అనే ఫోన్లలో ఎక్కువ వాటికి కారణం. కేబుల్ అడాప్టర్‌ను ఎంచుకుని, స్కాన్ నొక్కి, ఒక నిమిషం ఆగండి. స్విచ్ అప్పుడే ఆన్ చేసి ఉంటే ఇంకా కాసేపు ఆగి మళ్లీ స్కాన్ చేయండి.

వచ్చిన నోడ్‌ల సంఖ్యను నక్షాలోని సంఖ్యతో పోల్చండి. తక్కువైతే ఈ వరుసలో చూడండి. మొదట నోడ్ దగ్గరా స్విచ్ దగ్గరా కేబుల్ పక్కన ఉండే చిన్న దీపం వెలుగుతోందా? వెలగకపోతే కేబుల్ మార్చండి. వెలుగుతున్నా కనిపించకపోతే, ఆ నోడ్ ఐపీ అడ్రస్‌ను దాని మెనూలో చూసి, ల్యాప్‌టాప్ నుంచి పింగ్ చేయండి (ఆ అడ్రస్ బదులిస్తుందో లేదో చూసే కమాండ్ ఇది). బదులు రాకపోతే అడ్రస్ వరుస వేరై ఉండవచ్చు. దాన్ని కాగితం మీద రాసుకుని, ల్యాప్‌టాప్ అడ్రస్‌ను తాత్కాలికంగా ఆ వరుసలోకి మార్చి మళ్లీ చూడండి. కొన్ని సాఫ్ట్‌వేర్లు వేరే వరుసలో ఉన్న పరికరాన్ని జాబితాలో చూపుతాయి కానీ దాని వివరాలు తెరవనివ్వవు. బూడిద రంగులో కనిపించి నొక్కినా తెరుచుకోని పేరు ఉంటే కారణం సాధారణంగా ఇదే.

పింగ్‌కు బదులు వస్తూ కూడా పరికరం ఒకసారి కనిపించి ఒకసారి మాయమవుతుంటే, రెండు పరికరాలకు ఒకే ఐపీ అడ్రస్ ఉందేమో అనుమానించాలి. తేల్చుకోవడం తేలిక: ఆ నోడ్ నెట్‌వర్క్ కేబుల్ పీకేసి అదే అడ్రస్‌ను మళ్లీ పింగ్ చేయండి. నోడ్ ఊడి ఉన్నా బదులు వస్తోందంటే అదే అడ్రస్‌తో ఇంకొకటి ఉందన్నమాట. తిరుచానూరు రోడ్డు వైపు ఒక మండపంలో నాకు ఇది అనుభవమైంది. తెల్లవారుజాము ముహూర్తం, రాత్రి పదకొండుకు అద్దెకు తెచ్చిన ఒక నోడ్‌ను కలిపారు. కలిపిన కాసేపటి నుంచి వేదిక కుడివైపు లైట్లు వెలిగి ఆరుతూ ఉన్నాయి. మేము డీఎంఎక్స్ కేబుళ్లన్నీ మార్చాము, స్ప్లిటర్ మార్చాము, రెండు గంటలు పోయాయి. చివరకు చూస్తే అద్దె నోడ్‌కూ హాలు నోడ్‌కూ అడ్రస్ ఒకటే. హాలు నోడ్‌ల అడ్రస్‌లు రాసిన కాగితం ఒక్కటి ఆ రోజు అక్కడ ఉండి ఉంటే అది రెండు నిమిషాల పని. ఆ పెళ్లివారు పందిట్లో నిలబడి మా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేదు. అప్పటి నుంచి ఏ హాలు నమోదు చేసినా, అద్దె పరికరాల కోసం ఒక అడ్రస్ వరుసను విడిగా, ఉదాహరణకు 10.0.5.1 నుంచి 10.0.5.50 వరకు, ఖాళీగా ఉంచి ఆ సంగతి జాబితా పైభాగంలోనే రాస్తున్నాను.

4. నోడ్ వెనుక ఉన్న లైట్లను కనిపెట్టండి

ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు, కనుక నిదానంగా చదవండి.

లైట్లన్నిటికీ కరెంటు ఇవ్వండి. ఎంసీబీ ఆఫ్‌లో ఉన్న లైటు బదులు పలకదు. సాఫ్ట్‌వేర్‌లో ఒక నోడ్‌ను తెరిచి, దాని ఒక్కొక్క పోర్టుకు ఆర్‌డీఎం ఆన్‌లో ఉందేమో చూడండి. "ఏ సెట్టింగూ మార్చకండి" అన్న నా హెచ్చరికకు ఇది ఒక్కటే మినహాయింపు: ఆఫ్‌లో ఉంటే రాసుకుని, ఆన్ చేసి, పని అయ్యాక మళ్లీ ముందున్నట్టే పెట్టండి. ఒక్కో పోర్టును విడిగా స్కాన్ చేయండి. అన్నీ ఒకేసారి చేస్తే ఏ లైటు ఏ పోర్టుకు చెందినదో కలగలిసిపోయే ప్రమాదం ఉంది.

ఒకే పోర్టును మూడుసార్లు స్కాన్ చేసి మూడుసార్లూ వచ్చిన సంఖ్య రాయండి. 12, 12, 12 వస్తే ముందుకు వెళ్లండి. 12, 9, 11 వస్తే లైట్లను అనుమానించకండి, లైనును అనుమానించండి. కారణాలు నా అనుభవంలో ఈ వరుసలో ఉంటాయి.

మొదటిది స్ప్లిటర్. మామూలు డీఎంఎక్స్ స్ప్లిటర్ సమాచారాన్ని ఒకే దిశలో పంపుతుంది, లైటు చెప్పే బదులు అక్కడే ఆగిపోతుంది. లైట్లు కన్సోల్ నుంచి చక్కగా వెలుగుతూ స్కాన్‌లో ఒక్కటీ కనిపించకపోతే ముందు దీన్నే చూడండి. స్ప్లిటర్ మీద ఆర్‌డీఎం అని ఉంటేనే బదులు వెనక్కి వస్తుంది. కొత్తది కొనేదాకా ప్రత్యామ్నాయం ఉంది: స్ప్లిటర్‌లోకి వచ్చే కేబుల్‌ను తీసి, దాన్ని నేరుగా ఒక్కొక్క శాఖకు కలుపుతూ శాఖలవారీగా స్కాన్ చేయండి. వైర్‌లెస్ డీఎంఎక్స్ పెట్టెల్లోనూ చాలా వాటికి ఇదే పరిమితి ఉంటుంది.

రెండోది టెర్మినేటర్. లైట్లకు కరెంటు పూర్తిగా తీసివేసి, నోడ్ దగ్గర డీఎంఎక్స్ కేబుల్ ఊడదీసి, మల్టీమీటర్‌తో 2, 3 పిన్నుల మధ్య ఓమ్‌లు కొలవండి. దాదాపు 120 రావాలి. అరవై దగ్గర వస్తే ఎక్కడో రెండు టెర్మినేటర్లున్నాయి. చాలా పెద్ద అంకె వస్తే టెర్మినేటర్ లేదు లేదా మధ్యలో తీగ తెగింది. దాదాపు సున్నా వస్తే రెండు తీగలు తగులుకున్నాయి.

మూడోది కేబుల్. మన దగ్గర సౌండ్, లైటింగ్ ఒకే వ్యాన్‌లో వస్తాయి గనుక మైక్ కేబుళ్లు డీఎంఎక్స్ లైనులో చేరిపోవడం మామూలైపోయింది. చిన్న దూరానికి లైట్లు వెలుగుతాయి, అందుకే ఎవరూ పట్టించుకోరు. కానీ ఆర్‌డీఎం బదులు దాని మీద నిలవదు. అలాగే ఒక లైను మీద 32 పరికరాలకు మించి ఉంటే మధ్యలో స్ప్లిటర్ పెట్టి విడగొట్టాలి.

నాలుగోది లైటే. ఆర్‌డీఎం లేని పార్ లైట్లు మన మార్కెట్లో చాలా ఉన్నాయి; అవి ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ ఎప్పటికీ కనిపించవు. వాటిని తప్పిపోయినవిగా లెక్కించకుండా, "చేతితో చదవాలి" అని నక్షాలో గుర్తు పెట్టండి. మరికొన్ని చవక లైట్లకు తయారీలోనే ఒకే యూఐడీ ఎక్కించి ఉంటారు. అలాంటివి రెండు ఒకే లైను మీద ఉంటే స్కాన్‌లో ఒకటే కనిపిస్తుంది, లేదా రెండూ కనిపించవు. ఒకే మోడల్ లైట్లలో కొన్ని మాత్రమే కనిపించకపోతే, వాటిని ఒక్కొక్కటిగా విడిగా కలిపి స్కాన్ చేసి యూఐడీలు పోల్చండి.

హెచ్చరిక: కార్యక్రమం జరుగుతుండగా ఆర్‌డీఎం స్కాన్ చేయకండి. కొన్ని పాత లైట్లు ఆర్‌డీఎం సందేశాలను కూడా వెలుతురు ఆదేశాలుగా పొరబడి మినుకుమంటాయి.

5. ఒక్కొక్కదాన్నీ వెలిగించి, జత చేసి, లేబుల్ అంటించండి

సాఫ్ట్‌వేర్ జాబితాలో ప్రతి పరికరానికీ "ఐడెంటిఫై" అనే మీట ఉంటుంది. అది నొక్కితే ఆ ఒక్క లైటు మినుకుమంటుంది, లేదా తెల్లగా వెలుగుతుంది. కొన్ని మూవింగ్ హెడ్‌లు తల తిప్పుతాయి. అందుకే ఐడెంటిఫై నొక్కే సమయంలో ఎవరూ నిచ్చెన మీద గానీ ట్రస్ దగ్గర గానీ ఉండకూడదు. కొన్ని పరికరాలు తమ వెనుక ఉన్న చిన్న తెరను మాత్రమే మినుకుమనిపిస్తాయి, కనుక ఏమీ వెలగలేదని వెంటనే నిర్ణయించకండి.

ఒకరు ల్యాప్‌టాప్ దగ్గర, ఒకరు హాలు మధ్య నక్షాతో నిలబడండి. ల్యాప్‌టాప్ దగ్గరివారు యూఐడీలోని చివరి నాలుగు అంకెలను గట్టిగా చదివి మీట నొక్కాలి. నక్షా పట్టుకున్నవారు వెలిగిన స్థానం సంఖ్యను చెప్పి, ఆ నాలుగు అంకెలనూ తిరిగి చదవాలి. అలా తిరిగి చదివాకనే రాయండి. ఆ తరువాత ఐడెంటిఫై ఆపి, తరువాతిదానికి వెళ్లండి. ఆపడం మరిచిపోతే రెండు లైట్లు వెలిగి ఉండి, రెండో వరుస నుంచి జాబితా అంతా ఒక్కో స్థానం జరిగిపోతుంది. ఇది చాలా సాధారణమైన తప్పు, పైగా చివరి లైటు వరకు బయటపడదు.

పది లైట్లు అయ్యాక లైట్లు ఆపి, చల్లారనిచ్చి, నిచ్చెన వేసి లేబుళ్లు అంటించండి. స్థానం సంఖ్య ట్రస్ మీద, యూఐడీ చివరి అంకెలు లైటు మీద ఉండాలి. కాగితం లేబుళ్లు ఎండాకాలపు వేడికి ఊడిపోతాయి, ప్లాస్టిక్ టేపు వాడండి. పరికరంలోనే పేరు ఎక్కించే వీలు ఆర్‌డీఎంలో ఉంది. 32 అక్షరాలకు మించకుండా ఇంగ్లిష్ అక్షరాలతో చిన్నగా పెట్టండి, తెలుగు అక్షరాలను చాలా పరికరాలు చూపలేవు.

6. రాయవలసినవి

స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కో పరికరానికి ఒక్కో వరుస పెట్టి, ఈ నిలువు గడులు చేయండి: స్థానం సంఖ్య, తయారీదారు, మోడల్, యూఐడీ, డీఎంఎక్స్ మొదటి అడ్రస్, మోడ్, ఆ మోడ్‌కు పట్టే ఛానళ్లు, యూనివర్స్ (512 ఛానళ్ల ఒక గుంపు), నోడ్ పేరు, పోర్టు, ఫర్మ్‌వేర్ వెర్షన్, కరెంటు ఇచ్చే ఎంసీబీ, చూసిన తేదీ, చూసినవారి పేరు. నోడ్‌లకు వేరే పేజీలో ఐపీ అడ్రస్, మాస్క్, మ్యాక్ అడ్రస్, స్విచ్‌లో ఏ పోర్టుకు కలిపారో రాయండి. ఆర్‌డీఎం లేని లైట్లకు యూఐడీ గడిలో గీత పెట్టి, అడ్రస్, మోడ్ వాటి వెనుక ఉన్న మెనూలో చదివి నింపండి. ఎంసీబీ గడి అనవసరమని చాలామంది వదిలేస్తారు. ఉరుము మెరుపుల వానకు సగం హాలు ట్రిప్ అయిన రోజున మొదట వెతికేది దాన్నే.

యూనివర్స్ దగ్గర ఒక జాగ్రత్త అవసరం. ఆర్ట్-నెట్‌లో లెక్క 0 నుంచి, ఎస్ఏసీఎన్‌లో 1 నుంచి మొదలవుతుంది. కన్సోల్ 1 అని చూపేదాన్ని నోడ్ 0 అని చూపవచ్చు. రెండు గడులు పెట్టి, కన్సోల్ చూపేదీ నోడ్ చూపేదీ విడివిడిగా రాయండి; మనసులో ఒకటి కలిపి రాస్తే తరువాతివారు ఇంకొకటి కలుపుతారు.

చాలా సాఫ్ట్‌వేర్లు జాబితాను సీఎస్‌వీ ఫైలుగా ఇస్తాయి. దాన్ని నేరుగా ఎక్సెల్‌లో తెరవకండి. యూఐడీలో అంకెలతోపాటు ఏ నుంచి ఎఫ్ వరకు ఇంగ్లిష్ అక్షరాలు ఉంటాయి. అంకెల మధ్య ఈ అనే అక్షరం వస్తే ఎక్సెల్ దాన్ని ఘాతసంఖ్యగా మార్చేస్తుంది, మొదట్లో ఉన్న సున్నాలను కొట్టేస్తుంది. ఆ తరువాత దాచిన ఫైలులో అసలు సంఖ్య తిరిగి రాదు. ఖాళీ షీట్ తెరిచి, దిగుమతి చేసేటప్పుడు యూఐడీ గడిని టెక్స్ట్‌గా ఎంచుకోండి.

7. సరిచూడండి

అడ్రస్‌ల లెక్క మొదట చూడండి. మొదటి అడ్రస్‌కు ఛానళ్లు కలిపి ఒకటి తీసివేస్తే చివరి అడ్రస్ వస్తుంది. అది 512 దాటకూడదు, అదే యూనివర్స్‌లో తరువాతి లైటు మొదటి అడ్రస్‌ను తాకకూడదు. 497లో మొదలై 16 ఛానళ్లు తీసుకునే లైటు సరిగ్గా 512 దగ్గర ఆగుతుంది; 498లో మొదలైతే దాని చివరి ఛానల్‌కు చోటుండదు. కావాలనే ఒకే అడ్రస్ ఇచ్చిన జంట లైట్లుంటే ఆ మాట రాయండి, లేకపోతే ఎవరో ఒకరు తప్పనుకుని "సరిచేస్తారు".

తరువాత లైట్లూ నోడ్‌లూ స్విచ్‌లూ అన్నీ ఆపి, పది నిమిషాలాగి, మళ్లీ ఆన్ చేసి, మొత్తం స్కాన్ మొదటి నుంచి చేయండి. రెండు జాబితాలూ ఒకేలా ఉండాలి. కరెంటు పోయి రాగానే ఐపీ అడ్రస్ మారిన నోడ్ ఉంటే అది డీహెచ్‌సీపీలో (అడ్రస్‌ను నెట్‌వర్క్ నుంచి దానంతట అదే తీసుకునే పద్ధతిలో) ఉందన్నమాట. దానికి స్థిరమైన అడ్రస్ ఇచ్చి ఆ మార్పును తేదీతో రాయండి.

చివరి పరీక్షకు, ఈ పనిలో లేని ఒకరిని పిలిచి మీ జాబితా చేతికివ్వండి. వారు ఏవైనా ఐదు వరుసలు ఎంచుకుని, కన్సోల్ నుంచి ఆ అడ్రస్‌ను వెలిగించి, జాబితాలో రాసిన స్థానంలోనే వెలిగిందేమో చెప్పాలి. ఐదింటిలో ఒక్కటి తప్పినా ఆ ట్రస్ మొత్తాన్ని 5వ దశ నుంచి మళ్లీ చేయండి. ఆ ఒక్కటే దిద్ది ఊరుకోవద్దు, ఎందుకంటే తప్పులు జరిగేది జంటలుగానే: మూడో లైటు పేరు నాలుగోదానికి పడి ఉంటే, నాలుగోదాని పేరు ఎక్కడో మూడోదానికి పడి ఉంటుంది.

హాలు లైట్లు డాలీ అయితే

కొత్తగా కట్టిన మండపాల్లో, హోటళ్లలో సీలింగ్ లైట్లకు డాలీ అనే నియంత్రణ పద్ధతిని వాడుతున్నారు. అక్కడ ఒక లైనుకు 64 అడ్రస్‌లు, 0 నుంచి 63 వరకు ఉంటాయి. పద్ధతి పైదే: లెక్కపెట్టడం, స్కాన్, ఒక్కొక్కటి వెలిగించి జత చేయడం. అయితే ఒక ప్రమాదం మాత్రం చాలా పెద్దది. డాలీ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న పరికరాలను చదివే మీట ఒకటి, అన్నిటికీ కొత్తగా అడ్రస్‌లు ఇచ్చే మీట ఒకటి తరచుగా పక్కపక్కనే ఉంటాయి. రెండోది నొక్కితే అడ్రస్‌లు వరుస లేకుండా మారిపోయి, పాత సీన్లన్నీ వేరే లైట్లకు తగులుతాయి. చదివే మీటనే నొక్కుతున్నానని పైకి ఒకసారి చెప్పుకుని నొక్కండి. డాలీ తీగలు పదహారు వోల్టుల దరిదాపులో పని చేసినా, మెయిన్స్ నుంచి వాటికి పూర్తి రక్షణతో కూడిన విడదీత ఉండదు. వాటిని 230 వోల్టుల తీగల్లాగే భావించి, ఎలక్ట్రీషియన్ లేకుండా ముట్టుకోకండి.

8. దాచడం

ఒక ప్రతిని అచ్చు తీసి ప్లాస్టిక్ కవరులో పెట్టి స్విచ్ ఉన్న అల్మారా తలుపు లోపల అంటించండి, ఇంకొకటి కన్సోల్ పెట్టెలో ఉంచండి. ఫైలునూ కాన్ఫిగరేషన్ బ్యాకప్‌నూ మేనేజరు దగ్గర కూడా ఉంచాలి. లైటింగ్ కుర్రవాడు ఉద్యోగం మారితే ఫైలు అతనితో వెళ్లిపోకూడదు. పాస్‌వర్డులను మాత్రం తలుపు మీది ప్రతిలో రాయకండి.

లైటు మార్చినవారు అదే రోజు అచ్చు ప్రతి మీద పెన్నుతో పాత యూఐడీ కొట్టివేసి కొత్తది రాసి, తేదీ వేసి, సంతకం చేయాలి. అలాంటి కొట్టివేతలు పది దాటినప్పుడు ఫైలును సరిచేసి, కొత్త ప్రతి అంటించి, పాతదాన్ని అక్కడి నుంచి తీసివేయండి.